ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీ సెంటర్‌లోని బసకు: బస్సు, రైలు, మెట్రోల్లో చేరుకోవడం ఎలా?

కొత్త ఊరికి వెళ్లేటప్పుడు దారి వెతకడం చాలామంది ఎయిర్‌పోర్ట్ దగ్గరే మొదలుపెడతారు. అక్కడ ఏ రైలు దొరుకుతుంది, ఎంత వేగంగా వెళ్తుంది, టికెట్ ఎంత అని చూస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. ఒకసారి ఇరవై నిమిషాల్లో ఊళ్లోకి చేర్చే ఎక్స్‌ప్రెస్ రైలు ఉందని తెలిసి మురిసిపోయి టికెట్ కొన్నాను. రైలు మాట తప్పలేదు, ఇరవై నిమిషాల్లోనే దింపింది. అక్కణ్ణుంచి రెండు మెట్రోలు మారి, లిఫ్ట్ లేని స్టేషన్లో ఇరవై మూడు కిలోల సూట్‌కేసు మెట్ల మీద మోసుకుంటూ హోటల్‌కి చేరేసరికి ఇంకో గంటా పది నిమిషాలు పట్టింది. ఎయిర్‌పోర్ట్ ముందు ఆగే మామూలు బస్సు నేరుగా మా హోటల్ వీధి మొదట్లోనే దింపుతుందని మర్నాడు తెలిసింది.

అప్పట్నుంచి వెనకనుంచి ముందుకి చూడటం అలవాటు చేసుకున్నాను. ముందు బస తలుపు చూస్తాను. తర్వాత దానికి దగ్గర్లో ఉన్న స్టాపు, ఆ స్టాపుకి వచ్చే బండి, చిట్టచివర ఆ బండి ఎక్కాల్సిన చోటు. కింద చెప్పేదంతా ఈ పద్ధతే.

1. దిగేది ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి

ఇదీ ఒక ప్రశ్నేనా అనిపిస్తుంది గానీ, టికెట్ మీద ఊరి పేరు ఉన్నంత మాత్రాన విమానం ఆ ఊళ్లోనే దిగాలని లేదు. లండన్ పేరు పెట్టుకున్న ఎయిర్‌పోర్టులు ఆరున్నాయి: హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, లండన్ సిటీ, సౌత్ఎండ్. టోక్యోకి హనేడా, నరీటా అని రెండు. హనేడా నగరం అంచునే ఉంటుంది, నరీటా దాదాపు 60 కిలోమీటర్ల అవతల. చవగ్గా దొరికిందని పారిస్-బోవే టికెట్ కొంటే దిగేది పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరంలో. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అయితే మరీ అన్యాయం, ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి దాదాపు 120 కిలోమీటర్లు. టికెట్‌లో ఆదా చేసిన డబ్బూ, టైమూ ఆ దారిలోనే ఖర్చయిపోతాయి.

అందుకే టికెట్ మీద ఊరి పేరుతో పాటు మూడక్షరాల కోడ్ చూడండి. బ్యాంకాక్‌లో సువర్ణభూమి అయితే బీకేకే, డాన్ మువాంగ్ అయితే డీఎంకే. రెండింటికీ వేర్వేరు రైలు మార్గాలు. టెర్మినల్ నంబరు కూడా రాసిపెట్టుకోండి, దాంతో పని తర్వాత పడుతుంది.

2. బస దగ్గర్నుంచి వెనక్కి రండి

హోటల్ పేరులో "సిటీ సెంటర్" అని ఉంటే నమ్మకండి. మ్యాప్‌లో పిన్ పెట్టి చూడండి. దగ్గర్లోని మెట్రో స్టేషన్, ట్రామ్ స్టాపు, బస్ స్టాపు, మూడూ గుర్తుపెట్టుకోండి. ఒక్క మెట్రోనే చూసుకుని, హోటల్ గుమ్మంలో ఆగే బస్సుని వదిలేస్తుంటాం.

స్టేషన్ దొరికాక ఏ ఎగ్జిట్‌లోంచి బయటికి రావాలో చూడండి. పెద్ద స్టేషన్లలో ఇది చిన్న విషయం కాదు. టోక్యోలో షింజుకు స్టేషన్‌కి 200కి పైగా ఎగ్జిట్లున్నాయి. తప్పు ఎగ్జిట్‌లో తేలితే రైలు పట్టాల అవతలి వైపుకి చేరడానికే పావుగంట పడుతుంది. లిఫ్ట్ ఉన్న ఎగ్జిట్ ఏదో కూడా అప్పుడే చూసుకోండి. లిఫ్ట్ గుర్తు చాలాచోట్ల మ్యాప్‌లో ఒకటి రెండు ఎగ్జిట్లకే ఉంటుంది, అవి తరచూ మనకి కావాల్సిన ఎగ్జిట్లు కావు. పెద్ద సూట్‌కేసు ఉంటే రెండొందల మీటర్లు ఎక్కువ నడిచినా సరే లిఫ్ట్ ఉన్న వైపే రండి.

తర్వాత స్టేషన్ నుంచి బస దాకా వీధి ఫొటోలు ఒకసారి తిప్పి చూడండి. నేను చూసేవి మూడు. ఎత్తుకి ఎక్కే దారా, రాళ్లు పరిచిన పాత వీధా, తలుపు పక్కన ఏ రంగు గోడ లేదా ఏ దుకాణం ఉంది. రాళ్లు పరిచిన వీధిలో చిన్న చక్రాల సూట్‌కేసు లాగడం ఎంత కష్టమో, ఎంత చప్పుడో ఒకసారి లాగితే తెలుస్తుంది. అర్ధరాత్రి అయితే వీధి మొత్తం నిద్ర లేస్తుంది.

ఇక ఇవన్నీ ఫోన్లో దాచుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. నెట్ లేకపోతే కారు దారి చెబుతుందే తప్ప బస్సు, రైలు దారి చెప్పదు. అందుకే స్క్రీన్‌షాట్లు తీసుకోండి: దారి మొత్తం ఒకటి, స్టేషన్ ఎగ్జిట్ నుంచి బసదాకా ఒకటి, బస చిరునామా ఆ ఊరి లిపిలో ఒకటి. జపాన్, చైనా, థాయిలాండ్ లాంటి చోట్ల ఇంగ్లిష్ చిరునామా చూపిస్తే దారిన పోయేవాళ్లకి అర్థం కాకపోవచ్చు, వాళ్ల లిపిలో చూపిస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఒక కాగితం మీద కూడా రాసుకోండి. కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు.

3. దారి ఎంచుకోవడం: వేగం కంటే ఎన్నిసార్లు బండి మారాలన్నదే ముఖ్యం

పెద్ద ఎయిర్‌పోర్ట్ నుంచి సాధారణంగా మూడు నాలుగు దారులుంటాయి. ఎక్కడా ఆగకుండా ఒకే పెద్ద స్టేషన్‌కి వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలు, అన్నిచోట్లా ఆగుతూ వెళ్లే లోకల్ రైలు లేదా మెట్రో, ఎయిర్‌పోర్ట్ బస్సు, ఊరి సిటీ బస్సు. ప్రకటనలన్నీ ఎక్స్‌ప్రెస్‌కే కనిపిస్తాయి. టికెట్ కూడా దానికే ఎక్కువ.

రోమ్ ఉదాహరణ తీసుకుంటే విషయం బాగా అర్థమవుతుంది. ఫ్యూమిచినో ఎయిర్‌పోర్ట్ నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో టెర్మినీ స్టేషన్‌కి వెళ్తుంది. అదే ఎయిర్‌పోర్ట్ స్టేషన్ నుంచి ఎఫ్‌ఎల్1 అనే లోకల్ రైలు కూడా బయలుదేరుతుంది. అది టెర్మినీకి వెళ్లనే వెళ్లదు. త్రాస్తేవెరె, ఓస్తియెన్సె, టిబుర్టినా మీదుగా పోతుంది, టికెట్ కూడా చవక. బస టెర్మినీ పక్కన ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కడంలో అర్థముంది. బస త్రాస్తేవెరెలో ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కి టెర్మినీ దాకా పోయి, లగేజీతో ట్రామో బస్సో పట్టుకుని వెనక్కి రావడం ఎందుకు? తెలియనివాళ్లు రోజూ చేసే పనే అది.

నరీటాలోనూ ఇదే కథ. స్కైలైనర్ వేగమైన రైలు, నిప్పోరి చేరడానికి దాదాపు 36 నిమిషాలు, తర్వాతి స్టేషన్ ఉయెనో. కానీ మీ బస షింజుకులో ఉంటే నరీటా ఎక్స్‌ప్రెస్ మారే పని లేకుండా అక్కడికే వెళ్తుంది. అసాకుసాలో ఉంటే కేసే కంపెనీవారి యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ సబ్‌వే లైన్లోకే దూరి నేరుగా అసాకుసాలో దింపుతుంది. మూడు రైళ్లూ మంచివే. ఏది మంచిదో చెప్పేది మీరు పడుకునే చోటు.

హీత్రో నుంచి కూడా మూడు రైళ్లున్నాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ 15 నిమిషాల్లో ప్యాడింగ్టన్ స్టేషన్‌కి చేరుస్తుంది, ఆ తర్వాత మీ తిప్పలు మీవి. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ ఊరి మధ్యలోంచి దూసుకుపోతుంది. పికడిలీ లైన్ అందరికన్నా నెమ్మది, దాదాపు గంట ప్రయాణం, కానీ సౌత్ కెన్సింగ్టన్, పికడిలీ సర్కస్, కింగ్స్ క్రాస్ లాంటి చోట్ల దిగేవాళ్లకి మారే పని లేదు.

నా లెక్క ఇది: లగేజీతో ఒక్కో మార్పుకి పదిహేను నిమిషాలు కలపండి. నడక, మెట్లు, తప్పు ప్లాట్‌ఫారం, తర్వాతి బండి కోసం ఎదురుచూపు, అన్నీ అందులోకే వస్తాయి. అలా కలిపి చూస్తే నెమ్మదిగా వెళ్లే నేరు బండి చాలాసార్లు గెలుస్తుంది. రెండు మార్పులు దాటితే నేను ఆ దారి వైపే చూడను.

బస్సుని తక్కువ చేయకండి. రైలు లేని పెద్ద ఎయిర్‌పోర్టులున్నాయి. న్యూయార్క్ లగార్డియాకి రైలే లేదు, అక్కణ్ణుంచి సబ్‌వే స్టేషన్‌కి క్యూ70 బస్సు ఉచితంగా తీసుకెళ్తుంది. హాంకాంగ్‌లో బస్సు నంబరు ముందున్న అక్షరమే కథంతా చెబుతుంది. 'ఏ' అంటే ఎయిర్‌పోర్ట్ నుంచి త్వరగా ఊళ్లోకి వెళ్లేది. 'ఈ' అంటే ఎయిర్‌పోర్ట్ పక్కనున్న తుంగ్ చుంగ్ లాంటి చోట్లన్నీ చుట్టి వెళ్లేది, చవక, కానీ ఆలస్యం. కౌలూన్‌లో నేథన్ రోడ్ మీద దిగేవాళ్లకి ఏ21 చాలా సుఖం, సూట్‌కేసులు పెట్టుకోవడానికి అరలు కూడా ఉంటాయి.

4. టైము లెక్క

విమానం దిగే టైముని బట్టి రైలు చూసుకోవడం అందరూ చేసే పొరపాటు. చక్రాలు నేల తాకిన దగ్గర్నుంచి మీరు బయటి హాల్లోకి వచ్చేదాకా అంతర్జాతీయ ప్రయాణమైతే గంట నుంచి గంటన్నర వేసుకోండి. ఇమ్మిగ్రేషన్ క్యూ, బెల్టు మీద లగేజీ రావడం, కస్టమ్స్, ఒకసారి బాత్రూం. విమానం ఆలస్యమైతే దానికి ఇంకో గంట. ఇలా లెక్క వేశాక మ్యాప్‌లో "బయలుదేరే సమయం" దగ్గర మీ తేదీ, ఆ టైము పెట్టి చూడండి. ఇప్పటి టైముతో చూస్తే మంగళవారం మధ్యాహ్నం దొరికే రైళ్లు చూపిస్తుంది, మీరు దిగేది ఆదివారం రాత్రి పదకొండున్నరకి.

ఆఖరి బండి ఎన్నింటికో తప్పకుండా రాసిపెట్టుకోండి. మారే దారైతే రెండో బండికి కూడా. మొదటి రైలు అందినా రెండోది వెళ్లిపోతే ఊరి మధ్యలో నిలబడిపోతాం. రాత్రంతా నడిచేవి తక్కువ: కోపెన్‌హాగన్ మెట్రో, చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే బ్లూ లైన్ 24 గంటలూ నడుస్తాయి. లండన్ పికడిలీ లైన్ శుక్ర, శనివారం రాత్రుళ్లు మాత్రమే నడుస్తుంది, అదీ హీత్రో టెర్మినల్ 4కి వెళ్లదు. మిగతా రాత్రుళ్లు ఎన్9 అనే నైట్ బస్సు ఉంది. చాలా నగరాల్లో ఇలాగే రైలు పడుకున్నాక నైట్ బస్సు లేస్తుంది, దాని నంబరు ముందే తెలుసుకుంటే టెన్షన్ ఉండదు.

శని, ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెడుతుంటారు. బయలుదేరే ముందురోజు ఆ రైలు సంస్థ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

5. టికెట్ సంగతి

ఇప్పుడు చాలా నగరాల్లో టికెట్ కొనే పనే లేదు. బ్యాంకు కార్డుని గేటు మీద పెట్టి లోపలికి వెళ్లడం, దిగాక మళ్లీ పెట్టి బయటికి రావడం. లండన్, సింగపూర్‌లలో ఇలాగే. ఇందులో జనం దెబ్బతినే చోట్లు నాలుగు.

కార్డులో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసి ఉన్నాయో లేదో బ్యాంకు యాప్‌లో ఇంటి దగ్గరే చూసుకోండి. గేటు ముందు నిలబడి, వెనక యాభై మంది ఉండగా చూసుకునే విషయం కాదు.

ఎక్కేటప్పుడు ఏది పెట్టారో దిగేటప్పుడూ అదే పెట్టాలి. ఫోన్లో ఉన్న కార్డూ, పర్సులో ఉన్న అదే కార్డూ మెషీన్‌కి రెండు వేర్వేరు కార్డులు. ఫోన్‌తో లోపలికి వెళ్లి, చార్జింగ్ అయిపోయిందని కార్డుతో బయటికి వస్తే రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కేసి రెండుసార్లు గరిష్ఠ చార్జీ పట్టుకుంటుంది. దూరప్రయాణం చేసి వచ్చిన ఫోన్‌ని నమ్ముకోకుండా ప్లాస్టిక్ కార్డు వాడటమే మేలు.

ఒక మనిషికి ఒక కార్డు. ఒకే కార్డుతో భార్యాభర్తలిద్దరూ గేటు దాటబోతే రెండోవాళ్ల దగ్గర గేటు మూసుకుంటుంది.

నాలుగోది, గేట్లే లేని చోట్లు. జర్మనీ, ఆస్ట్రియాల్లో మెట్రోకి అడ్డు గేట్లుండవు, నేరుగా ప్లాట్‌ఫారం మీదికి నడిచిపోవచ్చు. ఉచితం అనుకోకండి. మామూలు బట్టల్లో ఎక్కిన తనిఖీవాళ్లు టికెట్ అడుగుతారు, కొత్తవాళ్లమంటే ఒప్పుకోరు. కొన్నిచోట్ల టికెట్ కొంటే సరిపోదు, ఎక్కేముందు చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఇటలీలో కాగితం రైలు టికెట్లకి ఈ పద్ధతి ఉంది. జేబులో టికెట్ ఉండి కూడా జరిమానా కట్టేది ఇలాంటప్పుడే. పారిస్‌లో ఊరినీ శివార్లనీ కలిపే ఆర్‌ఈఆర్ రైల్లో అయితే బయటికి వచ్చే గేటు దగ్గర కూడా టికెట్ కావాలి, దిగాం కదా అని చెత్తబుట్టలో వేయకండి.

నగదు విషయంలో ఊరికో పద్ధతి. లండన్ సిటీ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు. హాంకాంగ్ బస్సుల్లో తీసుకుంటారు గానీ చిల్లర తిరిగి ఇవ్వరు. టికెట్ మెషీన్లు కొన్ని పెద్ద నోట్లు మింగవు. అందుకే చేతిలో కొద్దిగా చిన్న నోట్లుండాలి. డబ్బు మార్చుకోవాల్సి వస్తే ఎయిర్‌పోర్ట్‌లో ఆ మొదటి ప్రయాణానికి సరిపడా మాత్రమే మార్చుకోండి, అక్కడి రేట్లు అంత గిట్టుబాటు కావు.

6. దిగిన రోజు, వరుసగా

బెల్టు దగ్గర లగేజీ కోసం నిలబడే ఆ ఇరవై నిమిషాలు బంగారం. ఎయిర్‌పోర్ట్ వైఫైకి కనెక్ట్ అయి దారి మళ్లీ ఒకసారి చూసుకోండి, బసవాళ్లకి "దిగాను, ఫలానా టైముకి వస్తాను" అని మెసేజ్ పెట్టండి. చిన్న లాడ్జీలు, హాస్టళ్లలో రాత్రి రిసెప్షన్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు తలుపు కోడ్ ఇక్కడే తెప్పించుకోండి. కార్డు, చిరునామా కాగితం, నీళ్లసీసా పైజేబులోకి మార్చుకుని, పాస్‌పోర్ట్ లోపలి జేబులో పెట్టేయండి.

బయటికి రాగానే "టాక్సీ కావాలా" అంటూ ఎవరో పలకరిస్తారు. రైళ్లు లేవు, బస్సులు స్ట్రైక్‌లో ఉన్నాయి అని కూడా చెబుతారు. ఆగకుండా, జవాబివ్వకుండా నడవండి. నిజంగా అనుమానం వస్తే సమాచార కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగిని అడగండి.

తలెత్తి రైలు బొమ్మ, బాణం గుర్తు వెతకండి. స్టేషన్ మీ టెర్మినల్ కిందే ఉండాలని లేదు. సింగపూర్ చాంగీలో మెట్రో స్టేషన్ టెర్మినల్ 2, 3ల మధ్య ఉంటుంది. టెర్మినల్ 4లో దిగితే ముందు షటిల్ బస్సెక్కాలి. పారిస్ షార్ల్ ద గోల్‌లో టెర్మినల్ 1 వాళ్లు సీడీజీవాల్ అనే ఉచిత బుల్లి రైలెక్కి స్టేషన్‌కి వెళ్తారు. దుబాయ్ మెట్రో టెర్మినల్ 1, 3లకే ఉంది, 2కి లేదు. టెర్మినల్ నంబరు రాసుకోమన్నది ఇందుకే.

ప్లాట్‌ఫారం మీద "ఊళ్లోకి" అని చాలాచోట్ల రాసి ఉండదు. ఆ లైన్ ఆఖరి స్టేషన్ పేరే బోర్డు మీద ఉంటుంది. కాబట్టి మీరు దిగే స్టేషన్ పేరొక్కటే కాకుండా, బండి చివరికి చేరే స్టేషన్ పేరు కూడా రాసిపెట్టుకోండి. చాంగీ నుంచి వచ్చేవాళ్లు టానా మెరా దగ్గర రైలు మారాలి, అక్కడ తల పైకెత్తి బోర్డు చూడకపోతే ఊరికి వ్యతిరేక దిశలో పోతారు.

బండిలో సూట్‌కేసుని చక్రాల మీద వదిలేస్తే మొదటి బ్రేకుకే అది రైలు పెట్టె అవతలి చివరికి యాత్ర చేస్తుంది. అడ్డంగా పడుకోబెట్టండి, లేదా కాళ్ల మధ్య బిగించి పట్టుకోండి. బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి. ఎయిర్‌పోర్ట్ రైళ్లలో జేబుదొంగలు కాచుకునేది అలసిపోయిన కొత్త మొహాల కోసమే, ముఖ్యంగా తలుపులు మూసుకునే క్షణం కోసం. దుబాయ్‌లో అయితే ఏ పెట్టె ఎక్కుతున్నారో చూసుకోండి. గోల్డ్ క్లాస్‌కీ, ఆడవాళ్లు-పిల్లలకీ వేరే పెట్టెలున్నాయి. తెలియక ఎక్కినా జరిమానా తప్పదు.

దిగాక వెంటనే పరుగు పెట్టకండి. జనం వెళ్లిపోయేదాకా ఒక్క నిమిషం ప్లాట్‌ఫారం మీదే పక్కకి నిలబడి, స్క్రీన్‌షాట్ తీసి ఎగ్జిట్ నంబరు, లిఫ్ట్ గుర్తు చూసుకుని కదలండి. పొద్దున్నే చేరితే గది ఇంకా సిద్ధంగా ఉండదు, కానీ సామాను పెట్టుకోనిస్తారు. అది కూడా ముందే అడిగి ఉంచుకుంటే మంచిది.

7. టాక్సీ ఎక్కాల్సిన సందర్భాలు

ముగ్గురు నలుగురు కలిసి వెళ్తుంటే తలా ఒక ఎక్స్‌ప్రెస్ టికెట్ కొనే డబ్బుకి టాక్సీయే వస్తుందేమో లెక్కేసి చూడండి. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, అర్ధరాత్రి దాటిన రాక, మనిషికి రెండు పెద్ద సూట్‌కేసులు ఉంటే మొండికేయకండి.

మధ్యే మార్గం ఒకటుంది, నాకు ఇష్టమైనది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊరి మధ్య దాకా రైల్లో వచ్చి, ఆఖరి రెండు కిలోమీటర్లకి టాక్సీ ఎక్కడం. ట్రాఫిక్‌లో ఇరుక్కునే పెద్ద దూరమంతా పట్టాల మీద అయిపోతుంది, మెట్లూ రాళ్లదారీ తప్పుతాయి. జపాన్‌లో ఇంకో సౌకర్యం, ఎయిర్‌పోర్ట్ కౌంటర్లోనే పెద్ద సూట్‌కేసు అప్పగిస్తే మామూలుగా మర్నాటికి హోటల్‌కి చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడా బట్టలు చిన్న బ్యాగులో పెట్టుకుని చేతులూపుకుంటూ మెట్రో ఎక్కొచ్చు.

8. తిరుగు ప్రయాణానికి ఒక మాట

ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు బండి చాలాసార్లు ఊళ్లోకే వస్తుంది. వెళ్లేటప్పుడు మాత్రం కొన్నిచోట్ల లైన్ కొమ్మలుగా చీలుతుంది. న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌కి 'ఏ' సబ్‌వేలో వెళ్లేవాళ్లు ఫార్ రాకవే లేదా రాకవే పార్క్ వెళ్లే బండెక్కి హోవర్డ్ బీచ్‌లో దిగి, టెర్మినళ్లకి తీసుకెళ్లే ఎయిర్‌ట్రెయిన్ పట్టుకోవాలి. అదే 'ఏ' బోర్డుతో లెఫర్ట్స్ బూలెవార్డ్ వెళ్లే బండి హోవర్డ్ బీచ్‌కి రాదు. పికడిలీ లైన్లోనూ కొన్ని బండ్లు టెర్మినల్ 4కి, కొన్ని టెర్మినల్ 5కి వెళ్తాయి. బసలో చేరిన రోజు సాయంత్రమే ఐదు నిమిషాలు కూర్చుని, తిరిగి వెళ్లేటప్పుడు బండి ముందు ఏ పేరు ఉండాలో అదే చిరునామా కాగితం వెనక రాసి పర్సులో పెట్టుకోండి.